సైఫన్ లోపలి బొమ్మలు

మా ఆయన పోయినప్పుడు నేను ఏడవలేదు. కోదాడలో మా వీధిలో ఆ మాట చాలా రోజులు నడిచింది. నీళ్ళ పంపు దగ్గర నేను బిందె పెట్టగానే అక్కడి మాటలు ఆగిపోయేవి. నాకు ఎవరి మీదా కోపం రాలేదు. కోపం తెచ్చుకోవాలన్నా ఎక్కడి నుంచి తేవాలో తెలియలేదు.

ఆయనది మఠంపల్లి దగ్గర కృష్ణ ఒడ్డున ఉన్న చిన్న పల్లె. కాలువల శాఖలో వర్క్ ఇన్‌స్పెక్టర్. ఆఫీసు మిర్యాలగూడలో. నేను కోదాడలో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో లెక్చరర్‌ని. పెళ్ళయిన కొత్తలో ఇద్దరిలో ఎవరు రోజూ బస్సెక్కాలన్న ప్రశ్న వచ్చింది.

"నువ్వు పొద్దంత నిలబడి పాఠం చెప్పేదానివి. నేను కాలువ గట్టు మీద తిరిగెటోన్ని. బస్సుల నిలబడితే నాకేం గాదు" అన్నాడు ఆయన.

అలా కోదాడలోనే రెండు గదుల ఇల్లు కిరాయికి తీసుకున్నాం. పొద్దున్నే ఆయన హుజూర్‌నగర్ మీదుగా వెళ్ళే బస్సెక్కేవాడు, చీకటి పడేసరికి వచ్చేవాడు.

మిర్యాలగూడ అవతల కాలువకు ఒక వాగు అడ్డం వస్తుంది. అక్కడ కాలువ నీళ్ళు వాగు కింది నుంచి సిమెంటు సొరంగంలో దూరి అవతలి ఒడ్డున పైకి తేలతాయి. దాన్ని సైఫన్ అంటారు. ఎండాకాలం నీళ్ళు బంద్ చేస్తే కాలువంతా ఎండుతుంది గాని సైఫన్ ఎండదు. పల్లంలో ఉంటుంది కాబట్టి నీళ్ళు అందులోనే నిలిచిపోతాయి. గోడ పగిలిందా, మన్ను ఎంత పేరుకుంది అన్నది తెలియాలంటే నడుముకు తాడు కట్టుకుని ఒక మనిషి దిగాలి. ఆ నీళ్ళలో ఏమీ కనిపించదు. చేత్తో తడిమి, పైకి వచ్చి చెప్పాలి.

ఆయన పోయిన రోజు అలా దిగిన మనిషి తాడు లోపల ఎక్కడో చిక్కుకుంది. లాగితే రాలేదు. మా ఆయన చిన్నప్పటి నుంచి కృష్ణలో ఈదినవాడు. చొక్కా విప్పి గట్టు మీద పెట్టి దిగాడు. దిగిన మనిషి తాడు కోసుకుని పైకి తేలాడు. ఈయన తేలలేదు. లోపల చెత్త ఆపడానికి ఒక ఇనుప జాలీ ఉంటుంది. దాని చువ్వ ఒకటి వంగిపోయి ఉందని, అక్కడ ఇరుక్కున్నాడని తర్వాత చెప్పారు.

నన్ను పిలవడానికి అటెండర్ వచ్చినప్పుడు నేను క్లాసులో ఉన్నాను. ఎవరో జీపులో మిర్యాలగూడ దవాఖానకు తీసుకెళ్ళారు. ఆయన జుట్టులో సన్నటి ఇసుక ఉంది. నేను నిలబడి చూశాను. పొద్దున పాలు తోడు వేసి బయటే పెట్టి వచ్చానని, ఈ ఎండకు పెరుగు పులిసిపోయి ఉంటుందని అనుకున్నాను. ఇంకేదైనా అనుకోవాలని ప్రయత్నం చేశాను. రాలేదు.

మా అత్తమ్మ నా కంటే ముందే వచ్చి వరండాలో గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. ఆమె కూడా ఏడవడం లేదు. నన్ను చూసి పక్కకు జరిగి చోటిచ్చింది.

పల్లెలో కార్యక్రమాలన్నీ అయ్యాక నేను కోదాడ వచ్చేశాను. కొన్నాళ్ళకు ఒక మధ్యాహ్నం అత్తమ్మ చిన్న ట్రంకు పెట్టెతో గుమ్మంలో నిలబడి ఉంది. పల్లెలో ఆమెకు పెద్ద కొడుకున్నాడు, గొర్లున్నాయి, ఇల్లుంది.

"అన్ని ఇడిసిపెట్టి వస్తే ఎట్ల అత్తమ్మా?" అన్నాను.

"గొర్లను వాడు సూసుకుంటడు. నువ్వొక్కదానివి గీడ ఎట్లుంటవ్" అంది. పెట్టె మంచం కిందకి తోసి, నన్ను అడగకుండానే పొయ్యి ముందు కూర్చుంది.

అప్పటి నుంచి మా ఇద్దరి మధ్య నడిచిన మాటలు ఇప్పటికీ చెప్పగలను. బియ్యం అయిపోవస్తున్నయ్. కిరసనాయిలు ఇస్తున్నరంట. కరెంటు పోయింది. తిన్నవా బిడ్డా? తిన్న అత్తమ్మా. ఆయన పేరు మాత్రం ఇద్దరం ఎత్తలేదు. ఎత్తకూడదని అనుకోలేదు కూడా.

మా నాన్నకు సూర్యాపేటలో బస్టాండు దగ్గర ఫోటో స్టూడియో ఉండేది. నా చిన్నతనమంతా ఆ చీకటి గదిలో, ఎర్ర బల్బు కింద గడిచింది. పాలిపోయిన నెగెటివ్ వస్తే నాన్న దానికి తగిన కాగితం వెతికి, నలుపును నలుపుగా, తెలుపును తెలుపుగా లాగేవాడు. నేను ఎలక్ట్రానిక్స్ చదివి, ఎం.టెక్‌లో బొమ్మలను కంప్యూటర్‌తో బాగుచేసే పని ఎంచుకోవడానికి వేరే కారణమేమీ లేదు.

నాన్న నెలకోసారి కోదాడ వచ్చేవాడు. సంచీలో పండ్లు తెచ్చి అత్తమ్మ ముందు పెట్టి, "బిడ్డను సూర్యాపేటకు తోల్కపోతా వదినె. ఇంకా చిన్నదే. ముందు ముందు సంగతి సూడాలె గద" అనేవాడు.

"నన్నెందుకు అడుగుతవ్ అన్నా? ఆమెను అడుగు. ఆమె పోతనంటే నేనే బస్సెక్కిస్త" అనేది అత్తమ్మ.

నాన్న నా వైపు చూసేవాడు. నాకు కాలేజీ ఉందని చెప్పేదాన్ని. వెళ్ళాలనీ లేదు, ఉండాలనీ లేదు. పొద్దున లేస్తే కాలేజీకి నడిచి వెళ్ళడం ఒక్కటి తేలికగా ఉండేది.

ఆ రోజు తాడు కోసుకుని బయటపడిన మనిషి కూడా ఒకసారి వచ్చాడు. కృష్ణ ఒడ్డు జాలరి. నలభై దాటిన మనిషి. గుమ్మం బయటే కూర్చున్నాడు. అత్తమ్మ చెంబుతో నీళ్ళిచ్చింది. తాగాడు. "అమ్మా..." అని ఏదో మొదలుపెట్టి ఆగిపోయాడు. మళ్ళీ చెంబు అందుకుని, ఖాళీగా ఉన్నా ఎత్తి తాగబోయాడు. అత్తమ్మ అది తీసుకుని ఇంకోసారి నింపి ఇచ్చింది. కాసేపు కూర్చుని వెళ్ళిపోయాడు.

రెండేళ్ళు గడిచాక నాకు ఎం.టెక్‌లో గైడుగా ఉన్న సార్ హైదరాబాద్ నుంచి కాలేజీకి ఫోన్ చేశారు. వాళ్ళు ఒక చిన్న యంత్రం తయారు చేస్తున్నారట. చక్రాలున్న ఇనుప పెట్టె. ముందు కెమెరా, దీపం. నీళ్ళ కింద సొరంగాల్లో తనంతట తాను దారి చూసుకుంటూ పోవాలి.

"కెమెరా పంపుతున్న బొమ్మలు ఎందుకూ పనికిరావడం లేదమ్మా. పెట్టె వెళ్ళి గోడకు గుద్దుకుంటోంది. నువ్వు చేసిన పనే ఇది. చూస్తావా?" అన్నారు. ఒక క్షణం ఆగి, "కాలువలకు సంబంధించిన పని. ఇష్టం లేకపోతే చెప్పు. ఏమీ అనుకోను" అన్నారు.

"పంపండి సార్" అన్నాను.

సార్ బొమ్మలున్న ఫ్లాపీలు ప్యాకెట్టుగా కట్టి విజయవాడ బస్సు డ్రైవర్‌కి ఇచ్చేవారు. నేను కోదాడ బస్టాండులో నిలబడి తీసుకునేదాన్ని. మొదటి బొమ్మ తెర మీదికి వచ్చినప్పుడు కంప్యూటర్ పాడైందనుకున్నాను. తెరంతా ఒకే బూడిద రంగు, మధ్యలో ఒక తెల్లటి మచ్చ. అంతే.

మంచు పడ్డ పొద్దున బస్సు లైట్లు వేస్తే రోడ్డు కనబడడానికి బదులు ముందంతా తెల్లగా అవుతుంది కదా, ఇదీ అంతే. దీపం వెలుగు నీళ్ళలోని మన్నుకు తగిలి, గోడ దాకా పోకుండానే కెమెరాలోకి తిరిగి వస్తుంది. నలుపుకీ తెలుపుకీ మధ్య కంప్యూటర్‌కి రెండువందల యాభై ఆరు మెట్లుంటాయి. ఈ బొమ్మ మొత్తం మధ్యలో ఉన్న కొద్ది మెట్ల మీదే ఇరుగ్గా కూర్చుని ఉంది. వాటిని విడదీసి పై నుంచి కింది దాకా పరిస్తే గోడ బయటపడాలి. చేశాను. గోడ కొంచెం కనబడింది గాని దీపం మచ్చ ఇంకా పెద్దదైంది. అప్పుడు బొమ్మను చిన్న చిన్న గళ్ళుగా కోసి, ఏ గడికి ఆ గడి విడిగా సరిచేసి, అతుకులు తెలియకుండా కలిపాను. ఈసారి గోడ కనబడింది. దాంతో పాటు నీళ్ళలో తేలే ప్రతి మన్ను రేణువూ రాయిలా కనబడింది. ఆ రేణువులను చూసి యంత్రం ఎదురుగా గోడ ఉందనుకుని ఆగిపోతోందని సార్ ఫోన్ చేశారు.

మా కాలేజీ కంప్యూటర్ మీద ఒక్కో బొమ్మ సరి కావడానికి చాలా సేపు పట్టేది. ప్రోగ్రాం నడిపించి, చెప్పులు వేసుకుని బయటికి వచ్చి, చాయ్ తాగి వెళ్ళినా ఇంకా నడుస్తూనే ఉండేది. ఆ ఎదురుచూపు నాకు బాగానే ఉండేది. ఆ సమయంలో నన్ను ఎవరూ ఏమీ అడిగేవారు కాదు.

రేణువుల సంగతి తెగడానికి ఒక వానాకాలం పట్టింది. గోడ కదలదు, మన్ను కదులుతుంది. యంత్రాన్ని ఒకచోట నిలబెట్టి వరసగా కొన్ని బొమ్మలు తీసి, ప్రతి చుక్క దగ్గరా అన్ని బొమ్మల్లోని విలువలనూ వరుసలో పెట్టి నడిమి దాన్ని తీసుకుంటే, వచ్చిపోయే రేణువులు రాలిపోతాయి. గోడ నిలుస్తుంది. సార్‌కి చెప్తే, "అంటే నడుస్తూ చూడడం కాదు. ఆగి చూసి, అప్పుడు నడవాలి" అన్నారు.

"అవును సార్. మెల్లగా పోతుంది."

"పోనీ. గుద్దుకోకుండా పోతే చాలు."

సొరంగం గోడలో కొంత దూరానికొకటి సిమెంటు అతుకు గీత ఉంటుంది. ఆ గీతలు దొరికితే యంత్రం వాటిని లెక్కపెట్టుకుంటూ తాను ఎంత లోపలికి వచ్చిందో తెలుసుకోగలదు. మేము బాగుచేసిన బొమ్మల్లో గీతలు దొరకడం మొదలైంది. సార్ గొంతులో సంతోషం వినబడింది. నేను కూడా సంతోషమేనన్నాను.

ఆ తర్వాతి ఎండాకాలం, నీళ్ళు బంద్ అయ్యాక, యంత్రాన్ని నిజమైన సైఫన్‌లో దింపుతామన్నారు. ఏ సైఫనో నేను అడగలేదు. మిర్యాలగూడ అవతల అన్నప్పుడే తెలిసింది. ఇంటికి వచ్చి అత్తమ్మతో, "రేపు మిర్యాలగూడ పోవాలె. కాలువ కాడ పని" అన్నాను.

ఆమె గిన్నె తోముతోంది. చెయ్యి ఆగలేదు. "ఆ కాలువ కాడనేనా?"

"ఆడనే."

"నీళ్ళల్లకు దిగుతవా?"

"లేదు. పెట్టె దిగుతది. నేను పైన కూసుంట."

"అయితే పోయి రా" అంది.

అక్కడ గట్టు మీద షామియానా వేశారు. ఒక జనరేటర్, బల్ల మీద కంప్యూటర్. యంత్రాన్ని నీళ్ళలోకి దించడానికి పిలిపించిన మనిషి ఎవరో కాదు, మా గుమ్మం బయట కూర్చుని నీళ్ళు తాగి వెళ్ళిన ఆ జాలరే. నన్ను చూసి తలగుడ్డ తీశాడు. కాసేపటికి దగ్గరకొచ్చి మెల్లగా అడిగాడు.

"అమ్మా, ఈ పెట్టె పోతే ఇంక మనిషి దిగే పని లేదా?"

"ఇది మంచిగ నడిస్తే ఉండదు."

"మంచిదే" అన్నాడు. పెట్టె చక్రాల వైపు కొంతసేపు చూశాడు. "నాకు వచ్చింది ఈ పని ఒక్కటే గాని, అయినా మంచిదేలే."

పెట్టె మునిగింది. వెనకాల కేబుల్ పాములా జారుతూ పోయింది. తెర మీద బూడిద రంగు. ఆగింది. బొమ్మలు తీసింది. నా ప్రోగ్రాం నడిచింది. బూడిద రంగులోంచి గోడ వచ్చింది, అందులో అతుకు గీత. సార్ పక్కన నిలబడి "ఒకటి" అన్నారు. పెట్టె కదిలింది, ఆగింది. ఇంకో గీత. గుద్దుకోకుండా పోతోంది. అందరూ బల్ల చుట్టూ చేరారు.

కొంత లోపలికి పోయాక యంత్రం ముందు ఏదో ఉందని ఆగిపోయింది. బొమ్మ మెల్లగా పై వరస నుంచి కింది వరసకు సరి అవుతూ వచ్చింది. నిలువు చువ్వలు. ఇనుప జాలీ. కుడి పక్కన ఒక చువ్వ బయటికి వంగి ఉంది. రెండు చువ్వల మధ్య సందు ఒక మనిషి భుజం పట్టేంత ఉంది.

నేను ఆ బొమ్మను చూశాను. చువ్వ అంచు బాగా తేలింది, ఎడమ మూలలో ఇంకా మసక ఉంది, అక్కడ గడి సైజు తగ్గించాలి అనుకున్నాను. నిజంగా అదే అనుకున్నాను. జాలరి బల్ల దగ్గరికి వచ్చి తెర చూసి, వెనక్కి తిరిగి గట్టు దిగి వెళ్ళి కేబుల్ దగ్గర కూర్చున్నాడు. సార్‌కి మా ఆయన కాలువలో పోయాడనే తెలుసు, ఈ సైఫన్‌లోనని తెలియదు. "అద్భుతం" అన్నారు. "ఇంత స్పష్టంగా వస్తుందని అనుకోలేదమ్మా."

సాయంత్రం తిరిగి వస్తుంటే హుజూర్‌నగర్ బస్టాండులో బస్సు ఆగింది. కిటికీ దగ్గరికి మిర్చి బజ్జీల పళ్ళెం వచ్చింది. కొనుక్కుని కొరికితే నాలుక కాలింది. కళ్ళలో నీళ్ళొచ్చాయి. కారం వల్ల వచ్చిన నీళ్ళే. కానీ ఆకలిగా ఉందని తెలిసింది. చాలా కాలంగా వేళకు తింటున్నాను గాని ఆకలేసి తిన్నట్టు గుర్తు లేదు. బస్సు కదిలేలోపు ఇంకో పొట్లం కట్టించుకున్నాను.

యంత్రం సంగతి ఇక్కడే చెప్పేస్తాను. అది ఇంకో రెండు సైఫన్లలో నడిచింది. మూడో చోట కేబుల్ తెగి లోపలే ఉండిపోతే, జాలరే దిగి తీసుకొచ్చాడు. తర్వాత ఆ పనికి డబ్బు రావడం ఆగిపోయింది. కానీ వంగిన చువ్వ ఉన్న జాలీని ఆ ఏడే మార్చారు. మేము ఇచ్చిన బొమ్మ చూసే మార్చారని సార్ చెప్పారు.

సార్ ఆ పని మీద ఒక పేపర్ రాశారు. బాగుచేయక ముందు, తర్వాత అని పక్కపక్కన రెండు బొమ్మలు పెట్టాలి. చువ్వల బొమ్మే పెడతానన్నారు. తేడా అందులోనే బాగా తెలుస్తుందట.

"సార్, అది మా ఆయన పోయిన చోటు" అన్నాను.

"నాకు చెప్పలేదేంటమ్మా?" అన్నారు.

"మీరు అడగలేదు సార్. పెట్టినా నాకేం ఫర్వాలేదు."

ఆయన పెట్టలేదు. గోడ గీత ఉన్న బొమ్మ పెట్టారు.

అత్తమ్మ మాత్రం నేను మిర్యాలగూడ నుంచి వచ్చిన రోజు నన్ను ఏమీ అడగలేదు. బజ్జీలు తిని, చేతులు కడుక్కుని పడుకుంది. జాలీ మార్చాక ఒక ఆదివారం పొద్దున తల దువ్వుకుంటూ అడిగింది.

"నీళ్ళ కింద ఫోటువలు తీసిన్రంట గద. నాకు సూపిస్తవా?"

"ఏముంటది అత్తమ్మా అండ్ల? గోడ, ఇనుప చువ్వలు."

"ఉన్నదే సూపియ్."

కాలేజీకి సెలవు. వాచ్‌మన్‌ని అడిగి ల్యాబు తీయించాను. అత్తమ్మ చెప్పులు బయట విడిచి, కొంగు భుజాల చుట్టూ కప్పుకుని లోపలికి వచ్చింది. స్టూలు మీద కూర్చోమంటే అది తిరుగుతుందేమోనని ముందు చేత్తో నొక్కి చూసి కూర్చుంది. నేను మొదట కెమెరా తీసింది తీసినట్టు చూపించాను. ఒకటే బూడిద రంగు. తర్వాత బాగుచేసింది చూపించాను. చువ్వలు, వంగిన చువ్వ, సందు.

ఆమె వేలితో తెరను ముట్టుకోబోయి ఆగింది. "ఇదేనా?"

"ఇదే."

"ఇప్పుడు తీసేసిన్రా?"

"తీసేసిన్రు. కొత్తది పెట్టిన్రు."

చాలా సేపు చూసింది. "మొదటిది మళ్ళ పెట్టు" అంది. పెట్టాను. ఆ బూడిద రంగు వైపు కూడా అంతే సేపు చూసింది.

"నాకు ఇదే మంచిగున్నది. ఏం కనవడ్తలేదు" అంది.

నేను కంప్యూటర్ ఆపేశాను. తాళం వాచ్‌మన్‌కి ఇచ్చి నడుచుకుంటూ ఇంటికి బయల్దేరాం. ఎండ అప్పుడే ముదురుతోంది. కూరగాయల బండి దగ్గర అత్తమ్మ ఆగి తోటకూర బేరం చేసింది. రెండు కట్టలు తీసుకుని, ఒకటి నా చేతికిచ్చి నడుస్తూ అడిగింది.

"ఆ రోజు వాడు అన్నం తిని పోయిండా?"

ఇన్నేళ్ళలో ఆమె ఆయన గురించి అడిగిన మొదటి మాట అది.

"లేదు అత్తమ్మా. బస్సుకు ఆలస్యమైతదని చాయ్ తాగి పోయిండు."

"టిఫిన్ కట్టినవా?"

"కట్టిన. పప్పు, మామిడికాయ తొక్కు. ఆఫీసుల ఇడిసిపెట్టి కాలువకు పోయిండంట. డబ్బా తర్వాత తెచ్చిచ్చిన్రు."

"తినలే."

"తినలే."

ఆమె తల ఊపింది. ఇంటికి వచ్చాక తోటకూర నా ముందు పెట్టి, చాట తెచ్చుకుని నా ఎదురుగా కూర్చుంది. ఇద్దరం కాడలు గిల్లుతుంటే, చిన్నప్పుడు వాడికి తోటకూర పెడితే పళ్ళెం దూరంగా నెట్టేసేవాడని, గొర్ల పిల్లలకు వేసి వచ్చి తిన్ననని చెప్పేవాడని చెప్పింది. నాకు తెలియదన్నాను. నా దగ్గర తినేవాడే అన్నాను.

"నీ కాడ భయపడి తినుంటడు" అంది అత్తమ్మ.